మీ ఇంట్లో పాతుకుపోయిన సినిమా డైలాగు ఏది? అది ఎవరి నోటి నుంచి వచ్చింది?

బాల్కనీ తోట, హైదరాబాద్

అందరికీ నమస్కారం. గొప్ప డైలాగుల జాబితా కోసం ఈ చర్చ మొదలుపెట్టడం లేదు. ప్రతి ఇంట్లోనూ రోజూ వాడే డైలాగు ఒకటి ఉంటుంది కదా, అది ముందు ఎవరన్నారు, ఏ సందర్భంలో అంటారు, అది చెప్పండి.

మా ఇంటిది నేను చెబుతాను. మా అత్తయ్యకు 68 ఏళ్లు. కూకట్‌పల్లిలో మూడో అంతస్తు మాది. బాల్కనీలో ఖాళీ పెయింట్ బకెట్లలో కరివేపాకు, మందార, నందివర్ధనం, ఒక మూల తులసి పెంచుతారు. నా పెళ్లయి పన్నెండేళ్లయింది, ఆవిడ గొంతు పెంచి మాట్లాడటం నేను వినలేదు. మామయ్య మాటకు ఎదురు చెప్పడం అసలే లేదు. మామయ్యకేమో కత్తెర చేతికొస్తే చాలు, ఎండుకొమ్మ తీస్తున్నానంటూ పచ్చికొమ్మ కూడా తీసేస్తారు.

మూడేళ్ల కిందట ఒక ఆదివారం, కరివేపాకు మొక్కకు చీడ పట్టిందని మొదలంటా పీకేయబోయారు. అత్తయ్య వంటింట్లోంచి పోపు గరిటెతోనే వచ్చి గుమ్మంలో నిలబడి, "మొక్కే కదా అని పీకేస్తే పీక కోస్తా" అన్నారు. ఇంద్ర సినిమాలోది, 2002. టీవీలో వచ్చినప్పుడల్లా మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని చూస్తారు. ఆ మాట అన్నాక గరిటె చివర ఆవాలు ఇంకా చిటపటలాడుతున్నాయి, ఇంట్లో ఎవరికీ నోట మాట లేదు. తర్వాత మామయ్య నవ్వేసి కత్తెర కింద పెట్టారు.

"ఆ మొక్క తీయకండి" అని ఆవిడ తన మాటల్లో చెప్పగలిగేవారు కాదు. చెప్పినా ఆయన వినేవారు కాదు. ఆ డైలాగు ఆవిడకు ఒక దారి ఇచ్చింది. ఇప్పుడు మొక్కల సంగతే కాదు, ఏ విషయంలోనైనా ఆవిడకు ఇష్టం లేదంటే "పీకేస్తే..." అని సగంలో ఆపేస్తారు. మిగతాది మాకు అర్థమైపోతుంది.

మీ ఇళ్లలో సంగతులు చెప్పండి.

విజీనారం

చాలా బాగా రాశారక్కా. మా తాతగారిది "డామిట్, కథ అడ్డం తిరిగింది". కరెంటు పోయినా అదే, బస్సు తప్పిపోయినా అదే, రమ్మీలో చివరి ముక్క పడకపోయినా అదే. కన్యాశుల్కం సినిమా 1955లో వచ్చింది, రామారావు గారు గిరీశం. తాతగారు అది ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు.

కరోనాలో మా అన్నయ్య పెళ్లి రెండుసార్లు వాయిదా పడింది. రెండోసారి శుభలేఖలు కూడా పంచేశాం. ఆ కబురు వచ్చాక అమ్మ మంచం మీద కూర్చుని ఏడుస్తోంది, ఎవరెంత చెప్పినా ఊరుకోవడం లేదు. తాతగారు కర్ర పట్టుకుని మెల్లగా వచ్చి, ఆవిడ పక్కన కూర్చుని, ఆ ఒక్క ముక్కే అన్నారు. అమ్మ ఏడుస్తూనే నవ్వేసింది.

పాత మాస్టారు, తెనాలి

విజీనారం గారూ, ఒక చిన్న సవరణ. తప్పు పట్టడానికి కాదు, మీ ఊరి గొప్పతనం మీకే చెప్పాలని. ఆ మాట సినిమా కంటే చాలా ముందుది. గురజాడ వారి కన్యాశుల్కం నాటకాన్ని 1892లో మీ విజయనగరంలోనే మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది. తర్వాత ఆయనే బాగా పెంచి తిరగరాసి 1909లో మళ్లీ అచ్చు వేయించారు. "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అన్నది ఆ నాటకంలో ఆఖరి మాట. అంటే మీ తాతగారు అన్నప్పుడల్లా నూరేళ్లు దాటిన మాట మీ ఇంట్లో పలికింది. సినిమా దాన్ని ఇంకా ఎక్కువ ఇళ్లకు చేర్చింది, అంతే.

మా ఇంటి సంగతి. నేను హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా ఇంట్లో ఎవరు మంచి పని చేసినా "వెయ్యి వీడికో వీరతాడు" అంటాం. మాయాబజార్, 1957, పింగళి నాగేంద్రరావు గారి మాటలు. మా ఆవిడ దాన్ని మాటతో వదల్లేదు. మల్లెపూల పొట్లానికి కట్టొచ్చిన దారాలు దాచి, జడలా అల్లి, నిజంగానే ఒక తాడు చేసింది. పిల్లలు చిన్నప్పుడు మునిసిపల్ పంపు దగ్గర నుంచి ముందు బిందె ఎవరు తెస్తే ఆ రోజు తాడు వాళ్ల మెడలో. ఆ తాడు ఇప్పటికీ దేవుడి అలమరలో మేకుకు వేలాడుతోంది. మా అమ్మాయికి ఉద్యోగం వచ్చినరోజు ఫోనులో అడిగిన మొదటి మాట "నాన్నా, తాడు ఉందా?"

అదే సన్నివేశంలో ఘటోత్కచుడి నోట ఇంకో మాట ఉంది. శిష్యుడు మనవాళ్లను "అస్మదీయులు" అని, పరాయివాళ్లను "తస్మదీయులు" అంటాడు. అలాంటి మాట లేదని గురువు కోప్పడబోతే, ఎవరూ పుట్టించకపోతే మాటలెలా పుడతాయి అని ఘటోత్కచుడు అడ్డం పడతాడు. ముప్ఫై ఏళ్లు క్లాసులో నాకు అండగా నిలిచిన మాట ఇది. పిల్లవాడు వ్యాసంలో కొత్త మాట పుట్టిస్తే ఎర్ర ఇంకుతో కొట్టేసే ముందు ఒక్కసారి ఆగేవాణ్ణి.

విజీనారం

మాస్టారూ, చాలా సంతోషం. ఇది అమ్మకు చదివి వినిపించాను. తాతగారు చిన్నప్పుడు నాటకాలు కూడా తెగ చూసేవారట. మీకో వీరతాడు.

ఓరుగల్లు బిడ్డ

నేను కొంచెం వేరే మాట చెప్తా. ఎవ్వరూ తప్పుగా అనుకోకండి.

మేము చిన్నగున్నప్పుడు మా ఇంట్ల మాట్లాడే భాష సినిమాల రౌడీకో, నవ్వించెటోనికో ఉండేది. హీరో మా లెక్క మాట్లాడడు. అందుకే మా నాయన సినిమా డైలాగు కొట్టాలంటే గొంతు మార్చి, భాష మార్చి కొట్టేటోడు. ఆ రెండు నిమిషాలు మా ఇంట్ల ఎవరో బయటోళ్లు కూర్చున్నట్టు అనిపించేది. నాకు డైలాగులంటే ఇష్టమే, కానీ అవి మావి అని ఎన్నడూ అనిపించలే.

2017ల ఫిదా వచ్చింది. "భానుమతి, ఒక్కటే పీస్" అని ఆ పిల్ల అంటుంటే థియేటర్ల మా చెల్లె నా చేయి గట్టిగ పట్టుకుంది. అప్పుడు దానికి ఇరవై ఒకటి. పెళ్లిచూపులల్ల రెండుసార్లు రంగు తక్కువ అని అనిపించుకుని ఉంది. ఇంటికొచ్చి అద్దం ముందట నిలబడి "ఒక్కటే పీస్" అని అనుకున్నది. నేను తలుపు సందు నుంచి విన్న. దానికి ఆ సంగతి ఇప్పటిదాక చెప్పలే.

ఇప్పుడు దాని బిడ్డకు నాలుగేండ్లు. పేరు అడిగితే పేరు చెప్పి, వెంటనే "ఒక్కటే పీస్" అంటది. గొంతు మార్చే పని లేదు.

బాల్కనీ తోట, హైదరాబాద్

ఓరుగల్లు అన్నా, తప్పుగా అనుకోవడానికి ఏముంది. ఇలాంటివి వినాలనే అడిగాను. చెల్లికి ఆ సంగతి చెప్పండి.

సీమ నుంచి

ఓరుగల్లు అన్న చెప్పినదానికి దగ్గరగా నాదొకటి. మాది కర్నూలు జిల్లా. ఇంజినీరింగ్ చదవడానికి వైజాగ్ పోయినాను. మొదటిరోజు ఊరి పేరు చెప్పంగానే "కంటిచూపుతో చంపేస్తావా ఏంది" అన్నారు. నరసింహనాయుడు 2001లో వచ్చింది, తర్వాత ఏండ్ల తరబడి అదే వరస. వాళ్లకు సరదా. నాలుగేండ్లు రోజూ వింటే అది సరదాగా ఉండదు. మా నాయన వేరుశనగ రైతు. మా ఇంట్లో కొడవలి తప్ప వేరే కత్తి లేదు. వాన కోసం ఆకాశం చూసినంతగా ఆయన ఎవరినీ చూసినోడు కాదు.

సినిమా మీద నాకు కోపం లేదు. డైలాగు ఎవరి మీద వేస్తున్నామో చూసుకుంటే చాలు.

నైట్ షిఫ్ట్

నాలుగు రోజులుగా చదువుతున్నాను, ఇప్పుడు రాస్తున్నాను. సీమ గారు చెప్పినదే నా బాధ కూడా.

పోయిన ఏడాది నా ఉద్యోగం పోయింది. కంపెనీ పేరు అనవసరం. మెయిల్ వచ్చిన గంటకు లాప్‌టాప్ లాక్ అయిపోయింది. ఇంట్లో చెప్పడానికి ధైర్యం చాలక, ముందు కాలేజీ ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టాను. పదిహేనేళ్లు దాటిన స్నేహం మాది, మేం ఏడుగురం. మొదట వచ్చిన జవాబు బ్రహ్మానందం గారి స్టిక్కర్. దాని కింద ఇంకొకడు "ఎవడు కొడితే దిమ్మతిరిగి మైండ్ బ్లాక్ అయిపోద్దో" అని పెట్టాడు. పోకిరి డైలాగు. మిగతావాళ్లు నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. ఏడుగురం ఆ సినిమా 2006లో కలిసి మూడుసార్లు చూశాం. ఆ డైలాగు నేను కూడా వందసార్లు వాడి ఉంటాను.

కానీ ఆ రాత్రి ఫోను బోర్లా పెట్టేసి, బాత్రూంలోకి వెళ్లి కొళాయి తిప్పుకుని ఏడ్చాను. ఆ తర్వాత ఆ గ్రూపులో నేను ఏమీ రాయలేదు. మూడు నెలలకు వేరే ఉద్యోగం వచ్చింది, అది కూడా అక్కడ చెప్పలేదు.

డైలాగులు వాడొద్దని అనను. ఎదుటివాడు కిందపడి ఉన్నప్పుడు మాత్రం మామూలు మాటలు రెండు చాలు. "ఏరా, తిన్నావా" అన్నా చాలు.

డ్యూటీ సిస్టర్, గుంటూరు

నైట్ షిఫ్ట్ తమ్ముడూ, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరన్నది నిజం. అయినా నేను కళ్లారా చూసింది ఒకటి చెప్పాలి, మీ మాటకు అడ్డం కాదు.

ఆపరేషన్ థియేటర్ బయట నా డ్యూటీ. ఒక పెద్దాయనకు బైపాస్. ఒక్కడే కొడుకు, పాతికేళ్లు ఉంటాయి. కన్సెంట్ ఫారం మీద సంతకం పెట్టాలి. అందులో ఏం జరిగినా బాధ్యత మాదే అన్న లైను చదివి ఆ అబ్బాయి చెయ్యి వణికిపోతోంది, పెన్ను కాగితం మీద ఆనడం లేదు. నేను ఒకసారి చెప్పాను, డాక్టరు గారు ఒకసారి చెప్పారు. స్ట్రెచర్ మీద పడుకున్న పెద్దాయన తల తిప్పి, ఎస్వీ రంగారావు గారి గొంతు లాగి, "సాహసం సేయరా డింభకా" అన్నాడు. పాతాళభైరవిలోది. గొంతు సగం గాలే. ఆ అబ్బాయి వెక్కుతూ నవ్వి సంతకం పెట్టేశాడు.

తొమ్మిదో రోజు పెద్దాయన నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు.

తేడా ఏంటా అని మీది చదివాక ఆలోచించాను. అక్కడ కష్టం ఆయనది, డైలాగు కూడా ఆయనే అన్నాడు. కొడుకు ఆ మాట తండ్రితో అనుంటే నేనే కసిరేదాన్ని.

పాత మాస్టారు, తెనాలి

సిస్టర్ గారూ, ఆ పెద్దాయనకు నా వీరతాడు.

మీరు చెప్పిన మాట గురించి ఒకటి గమనించండి. 1951 నాటి ఆ సినిమాలో అది ఎవరంటారు? నేపాళ మాంత్రికుడు. తోటరాముణ్ణి బలి ఇవ్వడానికి తీసుకెళుతూ ఉసిగొల్పే మాట. ముత్యాలముగ్గు సంగతీ అంతే. "మడిసన్నాక కూసింత కలాపోసన ఉండాలి" అన్నది ఎవరు? కంట్రాక్టరు, పరమ దుర్మార్గుడు. ముళ్లపూడి వారు ఆ మాటను రావుగోపాలరావు గారి నోట పెట్టింది ఆ మనిషి ఎంత నిబ్బరంగా పాపం చేస్తాడో చూపించడానికి. 1975 నుంచి మనం ఏం చేశాం? ముగ్గు బాగా వేసిన పిల్లను చూసి అంటున్నాం, వీణ నేర్చుకుంటానన్న రిటైర్డ్ గుమస్తాను చూసి అంటున్నాం. మాంత్రికుడి మాటను దీవెన చేసుకున్నాం, కంట్రాక్టరు మాటను మెచ్చుకోలు చేసుకున్నాం. రాసినవాళ్లు ఎంత గొప్పవాళ్లో, జనం కూడా అంత గొప్పవాళ్లు అనిపిస్తుంది నాకు.

కాకినాడ కాజా

మాస్టారూ, "కళాపోషణ" అని దిద్దేవాళ్లను చూస్తే మాత్రం నాకు ప్రాణం పోతుంది. వాట్సాప్‌లో ఎవరైనా "మనిషన్నాక కొంచెం కళాపోషణ ఉండాలి" అని శుద్ధంగా రాస్తే అందులో గోదావరి ఏముంది? కలాపోసన అనే అనాలి. మా నాన్న రోజూ సాయంత్రం షాపు షట్టర్ దించి, హార్మోనియం తీసే ముందు ఆ మాట అనేవారు. అనకుండా పెట్టె తెరిచేవారు కాదు.

ఆపరేటర్

నేను 31 ఏళ్లు సినిమా హాల్లో ఆపరేటర్‌గా చేశాను. కృష్ణా జిల్లాలో మొదట టూరింగ్ టాకీస్, తర్వాత పర్మనెంట్ హాలు. కార్బన్ కడ్డీలు మండించి బొమ్మ వేసిన రోజుల నుంచి చేశాను. ఇక్కడ అందరూ డైలాగు ఇంట్లోకి ఎలా వచ్చిందో చెబుతున్నారు. జనం నోట్లోకి ఎలా వెళుతుందో నేను క్యాబిన్ కిటికీలోంచి చూశాను, అది చెబుతాను.

దానవీరశూరకర్ణ 1977 సంక్రాంతికి వచ్చింది. దాదాపు నాలుగు గంటల సినిమా. రామారావు గారే దుర్యోధనుడు, కర్ణుడు, కృష్ణుడు, డైరెక్షన్ కూడా ఆయనదే. మాటలు కొండవీటి వెంకటకవి గారివి. మా ఊరికి ఆలస్యంగా వచ్చింది. అప్పటికే జనానికి మాటలు వచ్చేశాయి. ఎలాగంటారా? పెళ్లిళ్లలో మైకుసెట్టు వాళ్లు పాటల రికార్డులతో పాటు ఆ డైలాగుల రికార్డు వేసేవాళ్లు. రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం వచ్చేది, సినిమా మొత్తం గంటలో మాటల్లోనే వినిపించేది. కల్లంలో కుప్ప నూరుతూ విన్నవాళ్లున్నారు. బొమ్మ చూడకముందే మాట కంఠతా వచ్చేది.

కర్ణుడి కులం ఎత్తినవాళ్లను దుర్యోధనుడు నిలదీసే "ఏమంటివి? ఏమంటివి?" రీలు దగ్గరకు వచ్చేసరికి నేల టికెట్ వాళ్లు లేచి నిలబడేవాళ్లు. "ఇది క్షాత్ర పరీక్షయే గాని క్షత్రియ పరీక్ష కాదే" అని తెర మీద ఆయన అనకముందే కింద రెండు వందల గొంతులు అనేవి. స్పీకర్ శబ్దం వినపడేది కాదు. వాళ్లలో అక్షరం ముక్క రానివాళ్లు ఎక్కువ. సమాసాలు, సంస్కృతం, ఏదీ అడ్డం రాలేదు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా వాళ్లకు తెలుసు.

ఇంక నా సంగతి. 1983లో హాలు దగ్గరగా ఉంటుందని అద్దె ఇల్లు వెతుక్కుంటున్నాను. ఒక ఇల్లు నచ్చింది. పెంకుటిల్లు, వెనక బావి. ఇంటాయన అద్దె మాట్లాడాడు, అడ్వాన్సు మాట్లాడాడు, అంతా అయ్యాక "ఇంతకీ మీరేమిట్లు?" అన్నాడు. మీ కులం ఏదని ఆ మాటకు అర్థం, ఈ జిల్లాల వాళ్లందరికీ తెలుసు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పిన ప్రతిచోటా మాకు ఇల్లు దొరకలేదు. అప్పటికి నాలుగు ఇళ్లు అయ్యాయి. మా ఆవిడ ఏడో నెల కడుపుతో పక్కన నిలబడి ఉంది.

నాకు సొంత మాట ఒక్కటీ రాలేదు. కోపం వస్తే నాకు మాట తడబడుతుంది. కానీ ఆ సినిమా వందల ఆటలు వేసినవాణ్ణి. "ఏమంటివి? ఏమంటివి? జాతి నెపమున..." అని మొదలుపెట్టాను. మెల్లగానే మొదలుపెట్టాను. "నీది ఏ కులము" దాకా, ఒక్క ముక్క వదలకుండా మొత్తం చెప్పాను. చివరికొచ్చేసరికి వీధిలో నలుగురు ఆగి చూస్తున్నారు. ఇంటాయన అరుగు మీద కూర్చుండిపోయాడు.

ఇల్లు ఇవ్వలేదు. అది కూడా చెప్పాలి కదా. కానీ తిరిగి వస్తుంటే మా ఆవిడ, "ఈసారి ఎవరడిగినా ఇదే చెప్పు" అంది. ఇంటికి చేరేదాకా నా చెయ్యి వదల్లేదు. ఆ నెలలోనే వేరే వీధిలో ఒక టీచరమ్మ ఏమీ అడక్కుండా తాళం చేతిలో పెట్టింది. మా పెద్దమ్మాయి ఆ ఇంట్లోనే పుట్టింది.

ఓరుగల్లు బిడ్డ

అన్నా, దండాలు. మీ పోస్టు మా చెల్లెకు కూడ పంపిన. దానికి అద్దం సంగతి కూడ చెప్పిన.

పాత మాస్టారు, తెనాలి

ఆపరేటర్ గారూ, నేను ఆ సంభాషణను పాఠంలా ఎన్నోసార్లు చెప్పాను. దాన్ని వాడాల్సిన చోట వాడినవారిని ఇవాళ చూశాను.

డాలస్ అమ్మ

ఆపరేటర్ గారి తర్వాత రాయాలంటే మాట రావడం లేదు. అయినా మా చిన్నదాని సంగతి చెప్పాలి.

మా పాపకు తొమ్మిదేళ్లు, ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడమంటే మాత్రం సగం ఇంగ్లీషు. కానీ డైలాగులు మాత్రం తడుముకోకుండా వచ్చేస్తాయి. "తగ్గేదేలే" అంటూ గడ్డం కింద చెయ్యి పోనివ్వడం ఇక్కడ స్కూల్లో తెలుగు రాని పిల్లలకు కూడా నేర్పింది. నేను "పడుకో" అని మూడోసారి అరిస్తే, బాహుబలిలో రాజమాత శివగామిలా నడుం నిటారుగా పెట్టి, "ఇదే నా మాట, నా మాటే శాసనం" అంటుంది. ఒత్తులు కూడా పోవు.

కిందటి వేసవిలో ఇండియా వచ్చినప్పుడు హనుమకొండ వేయిస్తంభాల గుడికి వెళ్లాం. అక్కడ రాతి మీద చెక్కిన అక్షరాలు చూపించి, ఇది రుద్రదేవుడు వేయించిన శాసనం, 1163 నాటిది అని మా నాన్న చెప్పారు. పాప ఆ రాయిని తడిమి చూసి, "తాతా, ఇది ఏ అమ్మ చెప్పింది?" అని అడిగింది.

మా నాన్న నవ్వలేదు. అక్కడే మెట్టు మీద కూర్చోబెట్టుకుని, రాజు మాట ఎందుకు రాయి మీద చెక్కించేవాళ్లో, ఆ మాట ఎందుకు చెరగకూడదనుకునేవాళ్లో అరగంట చెప్పారు. డాలస్ వచ్చాక తెలుగు క్లాసుకు వెళ్లనని అది ఒక్క ఆదివారం కూడా మారాం చేయలేదు. ఇంట్లో ఫ్రిజ్ మీద "శాసనం" అని పైన రాసి, కింద తనకు నచ్చని కూరల పేర్లు అతికించింది. మొదటి పేరు కాకరకాయ.

రెండు సెంట్లు

నాది చిన్నది. మా నాన్నకూ బాబాయికీ గట్టు తగాదా. రెండు సెంట్ల మీద ఆరేళ్లు మాటల్లేవు. పెద్దమనుషుల్లో కూర్చున్నారు. ఒక పెద్దాయన బాబాయి వైపు తిరిగి "ఎక్కడ తగ్గాలో తెలిసినోడే గొప్పోడు" అన్నాడు. అత్తారింటికి దారేది డైలాగు. బాబాయి తువ్వాలు దులుపుకుని లేచి వెళ్లిపోయాడు. ఆ పూట అంతే.

వారం తర్వాత మా నాన్న తనే బాబాయి ఇంటికి వెళ్లాడు. గుమ్మం బయట చెప్పులు విడుస్తూనే, "ఎక్కడ తగ్గాలో నాకు ఇప్పుడు తెలిసిందిరా" అన్నాడు. పిన్ని కాఫీ పెట్టింది. సిస్టర్ గారు చెప్పింది మా ఇంట్లో కూడా నిజమైంది. అదే మాట, ఎదుటివాడి మీద వేస్తే కుర్చీ ఖాళీ అయింది, తన మీద వేసుకుంటే కాఫీ వచ్చింది.

నైట్ షిఫ్ట్

అందరికీ. ఈ చర్చ లింకు నిన్న ఆ గ్రూపులో పెట్టాను. నా పేరు లేదు కదా, ఎవరు రాశారో చెప్పకుండా "చదవండి" అన్నానంతే. రాత్రి 11 దాటాక ఒకడు ఫోన్ చేశాడు. పోకిరి డైలాగు పెట్టినవాడే. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఏరా, తిన్నావా" అన్నాడు.

తిన్నానన్నాను. కొత్త ఉద్యోగం సంగతి కూడా చెప్పాను.

డ్యూటీ సిస్టర్, గుంటూరు

తమ్ముడూ, నైట్ డ్యూటీలో కూర్చుని ఇది చదివాను. ఇప్పుడు వార్డులో రౌండ్‌కు వెళుతున్నాను. చాలా సంతోషం.

కాకినాడ కాజా

బాల్కనీ తోట గారూ, అన్నీ చదివాక అసలు సంగతి అడగాలి. ఆ కరివేపాకు ఇప్పుడెలా ఉంది? మా ఇంట్లో కుండీలో వేసింది రెండడుగులు దాటడం లేదు, ఆకులన్నీ పసుపు.

బాల్కనీ తోట, హైదరాబాద్

బ్రహ్మాండంగా ఉందండీ, నా భుజం దాటింది. అత్తయ్యను అడిగి రాస్తున్నాను. ఇరవై లీటర్ల పెయింట్ బకెట్, అడుగున నాలుగు బెజ్జాలు, వాటి మీద ఒక పొర ఇటుక ముక్కలు. పది రోజులకోసారి పుల్లమజ్జిగ నీళ్లలో పలచగా కలిపి మొక్క మొదట్లో పోయాలట. ఆకు రెబ్బలుగా దూయకుండా కొమ్మ చివర తుంచితే పక్క నుంచి గుబురుగా వస్తుందట. చీడకు వేపనూనె. ఆ వేపనూనె ఇప్పుడు వారం వారం కొట్టేది మామయ్యే.

మీ మొక్కను పెద్ద కుండీలోకి మార్చాలంటే వానలు పడ్డాక, మట్టిముద్ద చెదరకుండా తీయమన్నారు. పీకొద్దన్నారు.